పేరు తీసేసిన విండో

వెంకటకృష్ణారావు బొంబాయిలో ఉద్యోగం మానేసి వచ్చి, 1989 మొదట్లో నూజివీడులో కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. ఒక పీసీ, ఒక మెకింటాష్. ఒకదాని ప్రోగ్రాం రెండోదాంట్లో నడవదు. బీఎస్సీ లెక్కలు పూర్తిచేసి ఖాళీగా ఉన్న లేయాని వాళ్లమ్మ మగ్దలేనమ్మే అక్కడ చేర్పించింది.

మిగతావాళ్లు కోర్సు చేసి, సర్టిఫికెట్ పుచ్చుకుని వెళ్లిపోయారు. లేయా ఉండిపోయింది. బొంబాయి నుంచి ఆయన తెచ్చుకున్న టూల్‌కిట్ ఒకటి ఫ్లాపీల్లో ఉంది. తెర మీద కనపడే విండోలు, బటన్లు అందులో తయారుగా ఉంటాయి. వాటితో ప్రోగ్రాం ఒక్కసారి రాస్తే రెండు మెషీన్ల మీదా నడుస్తుంది. దాన్ని ఆయన ఆమెకు ఓపిగ్గా నేర్పాడు.

మొదట్లో ఏమీ బోధపడలేదు. అంతవరకూ ఆమె రాసిన ప్రోగ్రాములన్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రశ్నలు వేసేవి.

"ఇక్కడ నువ్వు అడగకూడదమ్మా. వాళ్లు ఏ బటన్ నొక్కుతారో చూస్తూ కూర్చోవాలి. ఏది నొక్కినా నీ దగ్గర జవాబుండాలి" అన్నాడాయన.

ఆ వేసవిలో హనుమాన్ జంక్షన్ దగ్గరి మామిడి రసం ఫ్యాక్టరీవాళ్లు ఒక ప్రోగ్రాం కావాలన్నారు. ఏ తోట నుంచి ఏ రకం కాయ ఎంత వచ్చిందో ఇక్కడి పీసీలోనూ, మద్రాసు ఆఫీసు మెకింటాష్‌లోనూ కనపడాలి. రాయడం లేయాకి అప్పగించాడు. పీసీలో బాగున్న బటన్లు మెకింటాష్‌కి వెళ్లేసరికి ఇరుకైపోయి, 'బంగినపల్లి' సగమే కనపడేది.

"కొలతలు మనం ఇవ్వద్దు సార్. అక్షరాలు పట్టేంత వెడల్పు నువ్వే చూసుకోమని టూల్‌కిట్‌కే వదిలేద్దాం" అంది లేయా.

అలా చేస్తే రెండిట్లోనూ కుదిరింది.

"నాకు తట్టలేదు లేయా" అన్నాడాయన.

ఇంటికెళ్లి ఆ మాట తల్లికి రెండుసార్లు చెప్పింది. ప్రోగ్రాం తెరవగానే వచ్చే మొదటి విండోలో పైన ఆయన పేరు, కింద తన పేరు పెట్టుకుంది.

చూపించే రోజున ఇద్దరూ ఫ్యాక్టరీకి వెళ్లారు. మేనేజరు నారాయణరావు ముందు వెంకటకృష్ణారావు ఫ్లాపీ పెట్టి ప్రోగ్రాం తెరిచాడు. మొదటి విండోలో ఒక్క పేరే ఉంది.

పొరపాటున పాత ఫ్లాపీ తెచ్చారేమో అనుకుంది లేయా. కానీ పాతదాంట్లో అసలు పేర్లే లేవు.

"ఇదంతా మీరే చేశారాండీ?" అన్నాడు మేనేజరు.

"నేనేనండీ. ఈ అమ్మాయి మా స్టూడెంటు, సాయానికొచ్చింది."

"ఇది నేను రాశానండీ" అంది లేయా మెల్లగా.

వెంకటకృష్ణారావు నవ్వాడు. "రాసిందంటే టైపు చేసిందండీ."

మేనేజరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టీలు తెమ్మని బయటికి కేకేశాడు.

జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె అడిగింది. "నా పేరెందుకు తీసేశారు సార్?"

"నిన్నగాక మొన్న నేర్చుకున్న పిల్ల రాసిందంటే వాళ్లు కొంటారా? సెంటర్ నిలబడాలి కదమ్మా."

"ముందే నాతో చెప్పచ్చుగా."

"చెబితే ఒప్పుకునేదానివి కాదు."

అంటే ఆయన ఆలోచించే చేశాడు. లేయా బస్సు రాగానే ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. నూజివీడు దాకా వెనక్కి తిరగలేదు. మర్నాటి నుంచి సెంటర్‌కి వెళ్లలేదు. ఆయన రెండుసార్లు కబురు పంపాడు. "ఒంట్లో బాగాలేదని చెప్పమంటావా?" అని తల్లి అడిగింది.

"బాగానే ఉందని చెప్పు. రాదని చెప్పు."

చలికాలంలో విజయవాడలో ఒక ఆఫీసులో ఉద్యోగానికి పిలిచారు. ఆమె చేసి చూపించిన విండో వాళ్లకి నచ్చింది.

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగాడు అక్కడి పెద్దాయన.

సొంతంగా నేర్చుకున్నానని చెప్పచ్చు. కాదనేవాళ్లు ఎవరూ లేరు.

"నూజివీడులో వెంకటకృష్ణారావు గారి దగ్గరండీ. బాగా నేర్పారు" అంది.

ఆ మాట అన్నాక మంచినీళ్లు అడిగి తాగింది.