బాగుందా అని అడిగినవాడు

ఇలా రావే, ఆ కుర్చీ నా దగ్గరికి లాక్కో. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టు. రేపు స్నేహితులతో ఎక్కడ తినాలా అని ఇందాకటి నుంచీ హోటళ్లకు జనం ఇచ్చిన చుక్కలు చూసుకుంటున్నావు కదా, ఆ చుక్కల సంగతే చెబుతాను విను. మీ హోటల్ బాబాయి సంగతి. నువ్వు చూసే ఉంటావు. పెళ్లిళ్లలో చివరి వరసలో కూర్చుని, ఏం వడ్డించినా తల వంచుకుని తినేసి, ఎవరితోనూ మాట్లాడకుండా లేచిపోతాడే, వాడే. ఒకప్పుడు వాడు అలాంటివాడు కాదు.

వాడు నా చెల్లెలి కొడుకు. నగరంలో ఆఫీసు మేడల వెనక సందులో చిన్న హోటల్ పెట్టాడు. వంటగదికీ బల్లలకీ మధ్య గోడలో కిటికీ అంత కంత ఒకటి ఉండేది. గరిటె చేత్తో పట్టుకుని అందులోంచి తినేవాళ్ల మొహాలు చూస్తూ ఉండేవాడు. చూసి ఊరుకునేవాడా! భుజం మీద తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ప్రతి బల్ల దగ్గరా ఆగి, "బాగుందా?" అని అడిగేవాడు. తినేవాడు నోటి నిండా ముద్దతో తలాడించేవాడు. అంతే, మావాడికి ఇక ఆ పూట ఆకలి వేసేది కాదు. ఆ తలాడింపు కోసమే బతికాడంటే నమ్ము.

ఇక్కడ మా ఇంటి అలవాటు ఒకటి చెప్పాలి, లేకపోతే కథ నీకు అర్థం కాదు. మా పుట్టింట్లో వండినవాళ్ల ముందు వంటకు వంక పెట్టకూడదు. కూర మాడితే మా నాన్న "వాసన భలే ఉందే" అనేవాడు. చేదెక్కితే "ఒంటికి మంచిది" అనేవాడు. మా అమ్మ ఇంటెడు మందికి పొగలో నిలబడి వండేది, ఆమె మనసు నొచ్చుకోకూడదని. నా చెల్లెలు తన పిల్లల్నీ అలాగే పెంచింది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, అంటే మీ పిన్ని, మొదటి వారంలో "కూర కాస్త ఉడకలేదేమో అత్తయ్యా" అంది. ఇంటిల్లిపాదీ ఆ పిల్లను దొంగను చూసినట్టు చూశారు. మళ్లీ అనలేదు పాపం.

ఒక వానాకాలం మీ బాబాయికి జ్వరం వచ్చింది. అప్పుడు ఊరందరికీ వచ్చిందే. తగ్గింది, మనిషి లేచాడు, పొయ్యి ముట్టించాడు. ఒకరోజు పాలు పొంగి మాడి, సందంతా కంపు కొడుతుంటే పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాడట. కోడలు పరిగెత్తుకొచ్చి దించింది. ధ్యాస ఎక్కడో ఉందిలే అనుకున్నారు. జ్వరంతో ముక్కుకు వాసన, నోటికి రుచి పోయాయని వాడికీ తెలియలేదు. మనిషికి తన నోరు తనకు చప్పగా ఉంటే కూరే చప్పగా ఉందనుకుంటాడు కదా! ఇంకాస్త ఉప్పు వేసేవాడు.

అప్పటికి ఫోనులో వాడి హోటల్‌కు చుక్కలు బాగానే ఉండేవి. ఊరి అవతలి కొస నుంచి కూడా ఫోను చేతిలో పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. జ్వరం తరవాత ఒకటొకటే కొత్త మాటలు పడ్డాయి. 'ఉప్పు ఎక్కువ.' 'నోట పెట్టలేకపోయాం.' 'ముందు ఇలా ఉండేది కాదు, ఏమైందో.' కోడలు చదువుతుంటే వీడు గరిటె బల్ల మీద కొట్టేవాడు.

"ఎదురు హోటల్ వాడి పని ఇదంతా! మనుషుల్ని పెట్టి రాయిస్తున్నాడు."

ఎదురుగా కొత్తగా అద్దాల హోటల్ ఒకటి వచ్చిందిలే. నేనప్పుడు అక్కడే ఉన్నాను, చెల్లెలికి మోకాళ్ల నొప్పులని సాయానికి వెళ్లాను. నాకు బీపీ. కోడలు నాకు విడిగా ఉప్పు లేకుండా వండిపెట్టేది, కాబట్టి హోటల్ కూర నా నోటి దాకా రాలేదు. వాడు గిన్నె పట్టుకుని వాళ్లమ్మ దగ్గరికి రావడం మాత్రం కళ్లారా చూశాను.

"అమ్మా, నువ్వు చెప్పు. బాగుందా?"

"అమృతంలా ఉంది నాన్నా," అంది నా చెల్లెలు. అని, మంచినీళ్ల చెంబు ఎత్తి గటగటా తాగింది.

కోడలు గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఈ పూట ఉప్పు ఒక్క చిటికెడు..." అంటూ ఉండగానే అత్తగారు అందుకుంది.

"ఏంటే నీ గొడవ? వాడు పొద్దున్నుంచీ పొయ్యి దగ్గర మాడి చస్తుంటే!"

"ఏం లేదత్తయ్యా," అని ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

చుక్కలు తగ్గాయి, జనం తగ్గారు. అప్పుడు దిగాడు నా చెల్లెలి అల్లుడు. ఫోన్లు బాగుచేసే దుకాణం అతనిది, అందుకని అందరం ఫోన్ల అల్లుడంటాం. "బామ్మర్దీ, నువ్వు వంట చూసుకో, చుక్కలు నేను చూసుకుంటా," అన్నాడు మీసం దువ్వుతూ.

ఆదివారం బంధువులందరినీ హోటల్‌కు భోజనానికి పిలిచాడు. బాబాయిలు, మేనత్తలు, వియ్యాలవారు, ఎవరూ మిగల్లేదు. అందరి ఫోన్లూ హోటల్ వైఫైకే కలిపాడు. ముసలివాళ్లకు తనే ఖాతాలు తెరిచాడు, నాకు కూడా. చేతులు కడుక్కున్నవాళ్లు కడుక్కున్నట్టే కూర్చుని అయిదేసి చుక్కలు నొక్కారు. సగం మందిదీ ఒకటే ఇంటిపేరు. ఒక మేనత్త 'మా అబ్బాయి చేతి వంట అమృతం' అని రాసింది. మా పెద్దన్నయ్య కళ్లజోడు సర్దుకుని, తీరిగ్గా, 'ఆశీస్సులు. ఇట్లు, మీ మావయ్య' అని రాశాడు.

వారం తిరక్కుండా ఫోనులో హోటల్ పేరు కింద ఎర్రటి పట్టీ వచ్చి కూర్చుంది. సొంతవాళ్ల చేత రేటింగులు ఇప్పించుకున్నట్టు అనుమానంగా ఉందని ఆ చుక్కల కంపెనీవాళ్లు రాశారు. మా చుక్కలన్నీ తుడిచేశారు. హోటల్ జాబితాలో అట్టడుక్కి పోయింది.

ఫోన్ల అల్లుడు తల బాదుకున్నాడు. "మావయ్యగారూ, 'ఇట్లు మీ మావయ్య' అని సంతకం పెట్టారేంటండీ!"

"మరి సంతకం లేకుండా రాస్తే ఆకాశరామన్న అంటారు కదయ్యా! మన పిల్లాడి మంచి చెప్పడానికి నాకు దొంగతనమేంటి?"

నేను నవ్వాను. మీ బాబాయి నవ్వలేదు. ఆ పట్టీ వచ్చాక దారిన పోయేవాళ్లు కూడా లోపలికి తొంగిచూడటం మానేశారు. వాడు గోడ కంతలోంచి ఖాళీ బల్లల్ని చూస్తూ నిలబడేవాడు. సాయంత్రానికి గిన్నెలకు గిన్నెలు పారబోసేవాడు. "నా చేతిలో లోపం లేదు పెద్దమ్మా. ఈ ఒక్కటీ నాకు తెలుసు," అనేవాడు. ఆ ఒక్క నమ్మకం మీదే పొద్దున్నే లేచి కూరగాయలకు వెళ్లేవాడు.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తువ్వాలు తీసి పక్కన పడేశాడు. "ఆ అద్దాల వాడు ఏం పెడుతున్నాడో చూసొద్దాం పదండి," అన్నాడు. కోడలు, చెల్లెలు, నేను, వాడు, రోడ్డు దాటి వెళ్లాం. లోపల చలి. వంటకాల జాబితా పుస్తకం పెళ్లి ఆల్బమ్ అంత ఉంది. వీడు కావాలని తను వండే మాంసం కూరే తెప్పించాడు. నేను ఒక రొట్టె ముక్క కొరుక్కుంటూ కూర్చున్నాను.

మొదటి ముద్ద పెట్టుకున్నాడు. మొహం విప్పారింది.

"చప్పగా ఉంది! ఉప్పే వెయ్యలేదు! దీనికా వీడికి అన్ని చుక్కలు?" ఎన్ని నెలల తరవాతో వాడు పకపకా నవ్వాడు. సర్వర్‌ను పిలిచి, "బాబూ, మీ వంటవాడు నిద్రలోంచి లేచొచ్చాడా, ఉప్పు మరిచాడు," అన్నాడు. ఆ అబ్బాయి ఉప్పు సీసా తెచ్చి పెట్టాడు.

వీడు చల్లాడు. రుచి చూశాడు. మళ్లీ చల్లాడు. పక్క బల్ల మీద ఒక తండ్రి కూతురికి అదే కూర కలిపి పెడుతున్నాడు, ఆ పిల్ల వేళ్లు నాకుతోంది. వీడు ఇంకా చల్లుతూనే ఉన్నాడు. కూర మీద తెల్లగా పేరుకుంది.

"ఆఁ, ఇదీ కూరంటే! తిని చూడు," అని చెంచా భార్య చేతికిచ్చాడు.

ఆ పిల్ల నోట్లో పెట్టుకుంది. మింగుదామని చూసింది, చాలా చూసింది. చివరికి కాగితం తీసుకుని దాన్లో ఉమ్మేసింది.

మా వంశంలో ఎవ్వరూ చెయ్యని పని అది. వాడు ఆమె వైపు చూశాడు. తరవాత చెంచా వాళ్లమ్మ ముందు పెట్టాడు.

"అమ్మా, నువ్వు తిను."

నా చెల్లెలు తింది. ఉమ్మలేదు. మింగింది. "బాగుంది నాన్నా," అంది.

"కళ్లల్లో నీళ్లు కారుతున్నాయేంటమ్మా?"

"కారం రా."

"ఇందులో కారం లేదమ్మా."

వాడు ఉప్పు సీసా పక్కకు జరిపి భార్యను అడిగాడు, "ఎన్నాళ్ల నుంచి?"

"జ్వరం తగ్గినప్పటి నుంచీనండీ. చెబుదామని నోటి దాకా వచ్చేది..." అని అత్తగారి వైపు చూసి ఆగిపోయింది.

"అయితే వాళ్లు రాసిందంతా నిజమే," అన్నాడు వాడు. గొంతు మామూలుగానే ఉంది. "ముక్కూ మొహం తెలియనివాళ్లు చెప్పారు నాకు. వాళ్లను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను."

డాక్టరు దగ్గరికి వెళ్లారు. రుచి తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. కోడలు పొయ్యి పక్కనే నిలబడి ప్రతి గిన్నె రుచి చూడటం మొదలుపెట్టింది. కూర మళ్లీ మునుపటిలా కుదిరింది. నిజం తేల్చుకుందామని బీపీ సంగతి పక్కన పెట్టి నేనూ ఒక ముద్ద తిన్నాను, బాగుందన్నాను. కానీ ఏం లాభం?

"సరిపోయిందండీ," అనేది కోడలు.

"నిజంగా?"

"నిజంగానే."

"నా మీద ఒట్టు?"

ఆ పిల్ల ఒట్టు వేసినా వాడి కళ్లు ఆమె గొంతు మీదే ఉండేవి, ఎలా మింగుతుందా అని. వచ్చిన ఒకరిద్దరి దగ్గరికీ వెళ్లి, "బాగుందా? నిజం చెప్పండి. మొహమాటం వద్దు," అని నిలదీసేవాడు. వాళ్లు బెదిరి సగంలో లేచిపోయేవాళ్లు. బాగున్న కూరను కూడా అనుమానంతో పారబోశాడు. తల్లి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు చెప్పకమ్మా," అనేవాడు. నా చెల్లెల్ని తిన్నది ఆ చెయ్యే. "ప్రేమ కొద్దీ అన్నానే అక్కా, ఇంకెందుకంటాను?" అని నన్ను పట్టుకుని ఏడ్చేది. చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు కూడా అదే మాట.

ఒకరోజు కూర పొయ్యి మీద ఉడుకుతుండగానే పొయ్యి ఆపేసి, షట్టర్ దించి వచ్చేశాడు. ఇప్పుడు ఏదో మందుల గోడౌనులో పెట్టెలు పేరుస్తున్నాడు. నోటికి రుచి రాలేదు. ఇంట్లో గరిటె ముట్టుకోడు.

వాడి హోటల్ ఫోనులో ఇంకా ఉందే. నువ్వు వెతికితే కనిపిస్తుంది. 'శాశ్వతంగా మూసివేయబడింది' అని, ఆ ఎర్ర పట్టీ, అడుగున 'ఉప్పు ఎక్కువ' అన్న మాటలు. తీసెయ్యమని ఫోన్ల అల్లుడు ఎంత రాసినా కంపెనీవాళ్లు పలకలేదు. అది చూసినవాళ్లకు మీ బాబాయి అంటే అంతే.

అందుకే నిన్ను పిలిచి కూర్చోబెట్టాను. గుర్తు పెట్టుకో. నీ స్నేహితులకు చెప్పు, రేపు నీ పిల్లలకు చెప్పు. ఆ జ్వరానికి ముందు ఆ సందులో మొదటి ముద్దకే మాటలు ఆపేసి తినేవాళ్లని, అంత బాగా వండేవాడని చెప్పు. ఇంటివాళ్ల మాట ఎవరు నమ్ముతారంటావా? అదే కదే నా ఏడుపు. నమ్మకపోయినా సరే, నువ్వు చెప్పు.