బట్టీ తలుపు మూసిన అరగంట

యుద్ధం ముగిసిన ఏడాది బెజవాడలో అంకమ్మరావు రొట్టెల దుకాణానికి గడ్డురోజులు వచ్చాయి. భార్య భద్రమ్మ పోయినప్పటి నుంచి రొట్టెలు పైన మాడిపోతున్నాయి, లోపల పచ్చిగా ఉంటున్నాయి. బట్టీలో వేసే కట్టెలు మార్చాడు. పొగగొట్టంలో మసి దులిపాడు. ఇటుకల మధ్య పగుళ్లకు మట్టి మెత్తాడు. ఏం చేసినా అంతే. చివరికి ఆ బట్టీ కట్టిన రత్తయ్య మేస్త్రి కోసం పామర్రుకు కబురంపాడు.

మేస్త్రి వచ్చి మంట వేయించి చూశాడు. కట్టె చక్కగా అంటుకుంది, పొగ సాఫీగా పోయింది. నిప్పులు బయటికి లాగగానే అంకమ్మరావు రొట్టెలు లోపలికి తోయబోయాడు.

"ఆగండి! అప్పుడే పెట్టేస్తారేంటండీ? తలుపు మూసి అరగంట ఆగాలి. వేడి ఇటుకల్లోకి ఇంకి, అంతటా సమానంగా సర్దుకోవాలి. ఇదివరకు ఆగేవారు కాదూ?"

అంకమ్మరావు రొట్టెలున్న చెక్కపారను వెనక్కి లాగాడు. తలుపు మూయగానే భద్రమ్మ రెండు గ్లాసుల కాఫీ తెచ్చి అరుగు మీద కూర్చునేది. ఊళ్లో సంగతులన్నీ అప్పుడే చెప్పేది. ఆ కూర్చోవడం తమ కబుర్ల కోసమనుకున్నాడు గాని, బట్టీ కోసమని ఏనాడూ అనుకోలేదు. ఆమె పోయాక ఆ అరుగు మీద ఒక్కడూ కూర్చోలేక, నిప్పులు లాగిన వెంటనే రొట్టెలు పెట్టేస్తూ వచ్చాడు.

"ఆగేవాళ్లమండీ," అన్నాడు మెల్లగా.

ఆ పూట రొట్టెలు దోరగా కాలి, లోపల గుల్లగా వచ్చాయి. మేస్త్రి భోంచేసి పామర్రు బస్సెక్కాడు. మర్నాడు అంకమ్మరావు నిప్పులు లాగి, తలుపు మూసి, వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. అరగంట ఇంత పొడుగని అతనికి ఇన్నేళ్లలో తెలియలేదు.