ఆవిరి చోటు మారింది

మా బొయినా చల్లబడిందని ఖదీగాకి చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆమె నా తోడికోడలు. ముందురోజే మగబిడ్డను కని తాటాకు చాపల గుడిసెలో పడుకుని ఉంది. "అక్కా, కాసిని నీళ్లు" అంటే తోలు తిత్తి అడుగున మిగిలినవి పోసి బయటికి వచ్చేశాను.

బొయినా అంటే మా ప్రాణం. నల్లరాళ్ల మధ్య పగుల్లోంచి వేడి ఆవిరి పైకి వస్తుంది. దాని మీద రాళ్లు గుమ్మటంలా పేర్చి, కొమ్మలూ గడ్డీ కప్పుతాం. ఆవిరి చల్లటి రాయికి తగిలి బొట్టు బొట్టుగా కింద గుంటలోకి జారుతుంది. మా అత్తగారికి వాళ్ల అత్తగారు అప్పగించిన గుమ్మటం అది. వానల్లేని నెలల్లో మేమూ మా మేకలూ బతికేది ఆ బొట్ల మీదే. కొన్నాళ్లుగా ఊగుతున్న నేల మొన్న ఒక్కసారిగా గట్టిగా విదిలించింది. ఆ తర్వాత వెళ్లి చెయ్యి పెడితే రాయి చల్లగా తగిలింది.

నది రెండు రోజుల నడక. బాలింత నడవలేదు. మేకల పొదుగులు ఎప్పుడో వట్టిపోయాయి. నా భర్త మందతో దూరపు మేతకి పోయాడు. ఖదీగా మొగుడు, అంటే నా మరిది కడాఫో, ఉన్న ఒక్క ఒంటె మీద ఖాళీ తిత్తులు కడుతున్నాడు. వాడు నీళ్లతో తిరిగొచ్చేసరికి తల్లి గొంతూ పాలూ రెండూ ఎండిపోతాయని మా ఇద్దరికీ తెలుసు.

అప్పుడే ఉత్బాన్ అనే ముసలాయన తన ఒంటెను నడిపించుకుంటూ అటుగా వచ్చాడు. మాలో ఇద్దరు ఎదురైతే కూర్చుని దాగు, అంటే దారి కబుర్లు, ఇచ్చుకోవాలి. విన్నది వేరుగా, కళ్లతో చూసింది వేరుగా, అబద్ధం కలపకుండా చెప్పాలి. కడాఫో మాత్రం నిలబడే, "అంతా క్షేమమే పెద్దాయనా, నాకు తొందర" అని ముడి బిగించుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"కూర్చో కడాఫో! దాగు ఇవ్వకుండా మనిషిని పంపేస్తావా? మీ అమ్మ నేర్పింది ఇదేనా?"

"నా పెళ్లాం అక్కడ నోరెండి చస్తుంటే ఇక్కడ కబుర్లు చెప్పుకోమంటావా వదినా?"

"నువ్వెంత గింజుకున్నా నది నీ దగ్గరికి నడిచి రాదు. కూర్చో ముందు."

ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఉత్బాన్ ఏ తొందరా లేకుండా వాన గురించి, గడ్డి గురించి, ఎవరి ఒంటెకి గజ్జి పట్టిందో దాని గురించి విన్నదంతా చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇక చూసింది. తెల్లారగట్ల ఎర్రదిబ్బ అవతల నేల చీలి ఉంది తమ్ముడూ. ఇదివరకు లేదది. లోపల్నుంచి తెల్లగా ఊపిరి లేస్తోంది. నా ఒంటె అడుగు ముందుకెయ్యనంది. జిన్నులేమోనని చుట్టు తిరిగొచ్చా. ఎండెక్కాక వెనక్కి చూస్తే ఏమీ లేదు."

మా అమ్మాయి ఆసియా పట్నంలో హాస్టల్లో ఉండి ఆరో తరగతి చదువుతోంది. సెలవులకి వచ్చింది. ఆ మాట వినగానే ఎగిరి గంతేసింది.

"అమ్మా, జిన్ను కాదు, అది మన ఆవిరే!"

"వచ్చిందమ్మా పంతులమ్మ! ఆవిరికి కాళ్లున్నాయటే, లేచిపోవడానికి?" అన్నాడు కడాఫో.

"నడిచేది నేల, బాబాయ్! ఇక్కడ నేల విడిపోతోంది, మన గోళ్లు పెరిగినంత మెల్లగా. బిగుసుకుని బిగుసుకుని ఒకరోజు పుటుక్కున తెగుతుంది. మొన్న ఊగింది అందుకే. వాననీళ్లు ఎప్పుడో లోపలికి ఇంకి, వేడిరాయి తగిలి ఆవిరై పైకొస్తాయి. పాతదారి మూసుకుపోతే కొత్తదారి వెతుక్కుంటాయి."

"మరి ఎండలో కనపడలేదేం?" అని ముసలాయన అడిగాడు.

"చలిగాలిలో మీ నోటి ఊపిరి కనపడుతుంది కదా తాతా. మధ్యాహ్నం కనపడుతుందా?"

ఆయన పకపకా నవ్వాడు. కడాఫో ఒంటెను ఎర్రదిబ్బ వైపు తిప్పాడు.

ఆ చీలికను చూసిన క్షణం నేను మర్చిపోలేను. ఒంటె పడితే మాయమయ్యేంత వెడల్పు, కంటికి అందనంత పొడవు. అంచున రాయి నిన్నే విరిచినంత కొత్తగా మెరుస్తోంది. కింద అడుగు కనపడదు. వెచ్చటి గాలి మాత్రం ముఖానికి తగులుతోంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆసియా నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది, "అమ్మా, ఇది వెడల్పవుతూ వెడల్పవుతూ, లక్షల ఏళ్లకి సముద్రం వచ్చి ఇందులో నిండుతుందట." నేను పుట్టి పెరిగిన నేల ఇంకా పూర్తిగా పుట్టనే లేదన్నమాట! భయం పోయింది. సంతోషమో ఏమో తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగాయి.

విషపుగాలి కుళ్లు వాసన లేనిచోట, చీలిక సన్నబడి నేల వేడిగా ఉన్నచోట ఆగాం. రాళ్లు నేను ఏరాను, కడాఫో మోశాడు, ఆసియా కొమ్మలు పరిచింది. చేతులు కాలాయి. గుమ్మటం లేచాక గుంట పక్కన చెవి ఆనించి కూర్చున్నాం. ఎంతసేపటికీ చప్పుడు లేదు. "నది దారి పట్టాల్సింది వదినా, నా బిడ్డ తల్లిని నేనే చంపుకున్నా" అని కడాఫో తల బాదుకున్నాడు. నేను గుమ్మటం సందుల్లో ఇంకాస్త గడ్డి కూరాను.

పొద్దు వాలి రాయి చల్లబడుతుండగా, టప్.

ముగ్గురం గుంట మీదికి వంగాం. ఇంకోటి పడింది. ఆ తర్వాత ఆగకుండా పడసాగాయి. మొదటి గుక్క తాగి చూసింది కడాఫోనే. నిండిన తిత్తిని పసిబిడ్డలా గుండెకి హత్తుకుని గుడిసె దాకా పరిగెత్తాడు. ఖదీగా గటగటా తాగుతుంటే ఎదురుగా కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు ఉప్పు మోసుకుపోయే ఒంటెలవాడు ఎదురైతే నేనే పిలిచి కూర్చోబెట్టాను.

"ఏంటమ్మా సంగతులు?"

"మా ఇంట్లో మగబిడ్డ పుట్టాడు. ఎర్రదిబ్బ అవతల సముద్రం పుడుతోంది."

అతను నా ముఖంలోకి అనుమానంగా చూశాడు.

"ఇది విన్నదా, చూసిందా?"

"చూసింది" అన్నాను.