గ్లిజరిన్ ముట్టని దర్శకుడు

నాటకాల్లో పుట్టి సినిమాల్లో పెరిగిన ఆ దర్శకుడు, నటుల కంట నీళ్ళు తెప్పించే గ్లిజరిన్ సీసా జన్మలో ముట్టలేదు. తనకు నోరుండగా మందెందుకు? షాటుకు ముందు నటుడి చెవిలో ఒక్క మాట ఊదేవాడు. "మీ నాన్న పోయాడట." "మీ ఇల్లు తగలబడిందట." అంతే, ఏడుపు కాలవలు కట్టేది. కట్ చెప్పాక, "ఏం కాలేదులే, భోంచెయ్యి పో," అనేవాడు. ఓసారి ఆ మాటకు కెమెరా కూడా కళ్ళు తుడుచుకుందట. మూడొంతులు నిజమే అయ్యుంటుంది.

గొణుగుడాయనకు ఇవన్నీ కొట్టినపిండి. నలభై ఏళ్ళు నాటకాల్లో తెరచాటున నక్కి, నటులు మరిచిపోయిన మాటలు గొణిగి అందించినవాడు. ఆయన ముఖం చూసిన ప్రేక్షకుడు లేడు. అరవై ఆరో ఏట దర్శకుడు పిలిచి వేషం ఇచ్చాడు: భార్య చావుకబురు విని ఏడ్చే ముసలివాడు. ఒక్కటే షాటు.

గొణుగుడాయన సొంత భార్య అప్పటికే ఆస్పత్రిలో ఉంది. ఒకప్పుడు దర్శకుడి నాటక సమాజంలో ఆవిడే నాయిక. నీ పసిపిల్ల ఉయ్యాల్లోంచి పడి చచ్చిపోయిందని దర్శకుడు చెవిలో ఊదితే, ఆవిడ ఏడ్చిన ఏడుపుతోనే అతనికి పేరొచ్చింది. పిల్ల మాత్రం మేకప్ గదిలో గుర్రుపెట్టి నిద్రపోతోంది.

"ఏమండీ, రేపు ఆ మహానుభావుడు నేను పోయానంటాడు, చూడండి," అంది మంచం మీంచి.

"అంటాడు. వాడి బుర్రకి అంతకంటే ఏం తోస్తుంది?"

"ఏడ్చారో, మీకూ నాకూ చెల్లు. నవ్వండి. పళ్ళన్నీ కనబడాలి."

"ఉన్నవి ఏడే కదే!"

"ఆ ఏడూ చూపించండి." చేతిలో చెయ్యి వేయించుకుంది.

మర్నాడు మధ్యాహ్నం సెట్లో దీపాలు వెలిగాయి. దర్శకుడు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఒరేయ్ గొణుగుడూ, మీ ఆవిడ పోయిందిరా. పొద్దున ఎనిమిదింటికి."

టైముతో సహా చెబుతున్నాడు, ముసలితనంలో బాగా ముదిరాడు వీడు, అనుకున్నాడు గొణుగుడాయన. నవ్వాడు. ముందు ఏడు పళ్ళతో, తర్వాత పొట్టతో, చివరికి కూర్చున్న కుర్చీతో సహా నవ్వాడు. సెట్టంతా కొయ్యబారిపోయింది.

"కట్! ఏడుపు దీని ముందు దిగదుడుపురా!" అన్నాడు దర్శకుడు.

గొణుగుడాయన ముఖాన రంగుతోనే ఆస్పత్రికి పరిగెత్తాడు. "నవ్వానే! ఏడూ చూపించాను!" అంటూ వార్డులోకి దూరాడు. మంచం మీద పరుపు చుట్టి ఉంది.

"పొద్దున్నే స్టూడియోకి ఫోన్ చేశాం తాతగారూ," అంది నర్సు. "ఎవరో పెద్దాయన తీశారు. తనే చెప్తానన్నారు."

దహనమైన మర్నాడే స్టూడియో కారొచ్చింది. ఎందుకెక్కాడో గొణుగుడాయనకే తెలియదు, ఎక్కాడు.

"నవ్వు బాగుందిరా. ఏడుపు కూడా ఒకటి ఉంటే ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు," అన్నాడు దర్శకుడు. "ఇప్పుడు నీకు పెద్ద కష్టం కూడా కాదుగా."

కెమెరా తిరిగింది. గొణుగుడాయన కళ్ళు ఎండిన బావుల్లా ఉన్నాయి. దర్శకుడు చెవి దగ్గరికి వంగాడు. "చివర్లో నిన్నే అడిగిందటరా." కన్ను చెమర్చలేదు. "ఇవాళ ఆయన నవ్వుతారు చూడండి అందట నర్సుతో." అదీ పనిచెయ్యలేదు. మూడోసారి వంగాడు గానీ మాట రాలేదు.

గొణుగుడాయన నలభై ఏళ్ళ అలవాటు గొంతుతో, పక్కవాడికి కూడా వినబడకుండా అడిగాడు: "తర్వాతి మాట మరిచిపోయావా? అందించనా?"

దర్శకుడు నిటారుగా లేచాడు. "ఎవర్రా అక్కడ! గ్లిజరిన్ పట్రండి!"

స్టూడియో అంతా గాలించారు. అతని సెట్లో ఎప్పుడుందని దొరకడానికి? బజారుకు మనిషిని తోలారు. సీసా వచ్చేదాకా గొణుగుడాయన ఆ ఏడు పళ్ళూ కనబడకుండా నోరు బిగించి, దీపాల కింద అలాగే కూర్చున్నాడు.