ఎడమచేతి కళాయి

రాగి గుండిగలో నిలబడి, గోడకున్న ఇనుప చువ్వను రెండు చేతులా పట్టుకుని, నడుము ఇటూ అటూ తిప్పుతూ కాళ్ళతో దాన్ని తోముతున్నాడు ముసలాయన. పాదాల కింద తడి ఇసుకా ఇటుక పొడీ గరగరమంటున్నాయి. అరవై ఎనిమిదేళ్ళ నడుము మెలికకో మాట అంటోంది. చూసేవాళ్ళకు నాట్యంలాగే ఉంటుంది. హాస్టల్ పిల్లలు కిటికీల్లోంచి చప్పట్లు కూడా కొట్టేవారు. ఈ వేళప్పుడు వాళ్ళు బడిలో ఉన్నారు.

"దిగు బావా. గిన్నెలు తోమేవాడు రేపొస్తాడు, రేపే పెట్టుకుందాం" అన్నాడు వంటాయన, గుమ్మంలో నిలబడి తువ్వాలు నలుపుతూ. చనిపోయిన భార్యకు తమ్ముడతను. ఈ హాస్టల్ వంటగది ఇరవై ఏళ్ళుగా అతని చేతిలోనే ఉంది. కళాయికని తరచూ పిలిచి, బావకు అక్కడే భోజనం పెట్టేవాడు.

"వాడొచ్చేదాకా నా కాళ్ళేం చేస్తాయిరా? దండం పెట్టించుకుంటాయా?"

"సరే, ఈ చిన్నది కానీ. ఆ పెద్దదాన్ని మాత్రం ముట్టుకోకు. దాన్ని నేను తోముతా."

వీధిలో పాలబండి హారన్ మోగింది. వంటాయన వెనక్కి చూసుకుంటూనే వెళ్ళాడు.

కళాయి వేయడం ముసలాయనకు నలభై అయిదేళ్ళ పని. రాగి అందగత్తే గానీ పులుపు తగిలితే విషం కక్కుతుంది. అందుకే లోపల తగరం పూత ఉండాలి. గిన్నెను బొగ్గుల మీద తిప్పుతూ కాల్చాలి, నవాసాగరం పొడి చల్లాలి, గుప్పుమని తెల్లటి పొగ లేవగానే తగరపు కడ్డీ తాకించాలి. అది కరిగి గడ్డకట్టే లోపల దూదితో గిన్నె చుట్టూ తుడిచెయ్యాలి. ఉన్న వ్యవధి రెండు ఊపిరులంత. ఆయన ఎడమచేత్తో తుడిచేవాడు. ఎడంచేతి తాత అంటే మూడు వీధుల్లో తెలియనివాళ్ళు లేరు.

ఆ మూడు వీధుల్లోకీ స్టీలు వచ్చింది. మిగిలిన రాగి వంటింట్లోంచి ముందుగదిలోకి మారి, పూలు పెట్టుకుని కూర్చుంది. కిందటేడు ఒకావిడ పిలిపించి, బిందెకు పైన మాత్రం మెరుగు పెట్టమంది. "లోపలెందుకు, ఎవరు చూస్తారు?" అంది. "లోపల అక్కర్లేనప్పుడు నేనూ అక్కర్లేదమ్మా" అని సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాడు.

చెప్పని సంగతి ఒకటుంది. మూడేళ్ళుగా కళ్ళకు తెల్లటి పొర అడ్డం పడుతోంది. ఎండలో రాగి ఎరుపూ తగరపు తెలుపూ వేరువేరుగానే తెలుస్తాయి. పొగలో రెండూ ఒకటే. "చేతికి కళ్ళున్నాయి" అని తనకు తనే సర్ది చెప్పుకుని, కంటి డాక్టరున్న వీధి వదిలి చుట్టుదారిన నడిచేవాడు.

చిన్న గుండిగ కడిగి బోర్లించాడు. వంటాయన ఇంకా రాలేదు. ఈ రెండేళ్ళుగా ఎప్పుడొచ్చినా గుండిగలు ముందే తోమి, పాత పూత తెలియకుండా సిద్ధంగా ఉండేవి. ఇవాళే మొదటిసారి పెద్దది ఉన్నదున్నట్టు కనిపించింది. ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉండే వయసు చిన్నప్పుడే దాటిపోయింది ఆయనకు. దగ్గరికి లాక్కుని, సొట్టలున్నాయేమోనని లోపల అరచెయ్యి పెట్టి తడిమాడు.

పూత నున్నగా ఉంది. ఎక్కడా గుంట లేదు, ముద్ద కట్టలేదు. అంచు వెంట వేలు పోనిచ్చి, పూత ఎక్కడ ముగిసిందా అని చూశాడు. తుడిచే చెయ్యి లేచేచోట బియ్యపు గింజంత తగరం నిలుస్తుంది, ఎంత గొప్పవాడికైనా. ఈ గింజ పిడికి కుడివైపు ఉంది. 'ఎవరిదో గానీ మంచి చెయ్యి' అనుకున్నాడు మనసారా.

అప్పుడు తట్టింది. అయిదు నెలల కిందట ఈ గుండిగకు కళాయి వేసింది తను. తన గింజ ఎప్పుడూ పిడికి ఎడమవైపే నిలుస్తుంది.

మళ్ళీ తడిమాడు. గింజ కుడివైపే ఉంది. చెవులు వేడెక్కాయి. గిన్నెలోంచి చెయ్యి తీసి, దొంగతనం చేస్తూ దొరికినవాడిలా పంచెకు తుడుచుకున్నాడు. చూసినవాళ్ళెవరూ లేరు, అయినా తల తీసేసినట్టయింది.

రెండేళ్ళ కిందట పద్నాలుగుమంది పిల్లలకు వాంతులయ్యాయి. వార్డెన్ కళాయి మీద అనుమానంతో కబురు పెడితే, తను వచ్చి, అందరి ముందూ వంటాయన మీద విరుచుకుపడ్డాడు. "పులుసు పొద్దుటిదాకా రాగిలో ఉంచితే నా కళాయేం చేస్తుంది? గరిటె పట్టగానే వంటవాడు కాడు!" అన్నాడు. వంటాయన తల వంచుకుని, "ఉంచాను బావా, పొరపాటైంది" అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నది ఎవరో ఇప్పుడు తెలుస్తోంది.

పాల క్యానుతో వచ్చిన వంటాయన పెద్ద గుండిగ ముందు కూర్చున్న బావను చూసి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవడ్రా ఇది వేసింది?"

వంటాయన పాల క్యాను కింద పెట్టాడు.

"బాగా వేశాడు. ఎన్నాళ్ళ నుంచి వేస్తున్నాడు?"

"పిల్లలకు వాంతులైన దగ్గర్నుంచి."

"నాతో వేయించి, మళ్ళీ వాడితోనా?"

"నువ్వెళ్ళాక, సాయంత్రం వచ్చేవాడు."

"పులుసు ఉంచానన్నావు కదరా ఆ రోజు?"

"ఉంచలేదు బావా. అడుగున అరచెయ్యంత మేర రాగి తేలి ఉంది. నీ కళ్ళు... అప్పుడే అనుకున్నా."

"చెప్పొచ్చుగా!"

"చెప్తే ఏం చేసేవాడివి?"

"మానేసేవాణ్ణి."

"పని లేదంటే నువ్వు అన్నానికి రావు కదా" అన్నాడు వంటాయన, నేల చూస్తూ. "అక్క పోయాక ఒక్కడివీ ఏం తింటున్నావో నాకు తెలీదా?"

తిట్టినా బాగుండేది అనుకున్నాడు ముసలాయన. కళాయికని రాజేసిన కొలిమిలో నిప్పు కణకణలాడుతోంది. చెంబుతో నీళ్ళు పోసి ఆర్పేశాడు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వరండా దాటి వార్డెన్ గదికి వెళ్ళాడు. వార్డెన్ కుర్చీ ఏ మూల ఉందో సరిగా తెలియక, గది మధ్యకు తిరిగి నమస్కారం పెట్టాడు.

"అయ్యా, రెండేళ్ళ కిందట పిల్లలకు వాంతులైంది నా వల్ల. నాకు కళ్ళు కనపడవు. కళాయి సరిగ్గా పడలేదు. వంటాయన తప్పేమీ లేదు. నా కళ్ళ సంగతి దాచి అతన్ని తిట్టాను."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు ఆగింది. "ఎప్పటి సంగతి పెద్దాయనా ఇది? నాకైతే గుర్తు కూడా లేదు. అందరూ బాగానే ఉన్నారుగా? వెళ్ళి భోంచెయ్యండి."

ఎంత కూడగట్టుకుని తెచ్చిన మాట! పుచ్చుకునేవాళ్ళు లేక ఆయన మీదే ఉండిపోయింది. నమస్కారం పెట్టిన చేతులు ఎప్పుడు దించాలో కూడా తెలియలేదు ఆయనకు.

తిరిగి వచ్చేసరికి వంటాయన పీట వేసి, కంచంలో అన్నం పెట్టి, కూర వడ్డించాడు. "చల్లారిపోతుంది బావా, కూర్చో."

"చేతులు కడుక్కునొస్తా."

పెరట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత వెనక తలుపు గడియ చప్పుడైంది. వంటాయన కాసేపు ఆగి చూసి, కంచం మీద మూత పెట్టి వీధిలోకి పరుగెత్తాడు. చుట్టుదారి మలుపు దాకా వెళ్ళి వచ్చాడు. ఆ పూట ఎవరూ కనిపించలేదు, మర్నాడూ కనిపించలేదు. ముసలాయన అద్దెకుండే గదికి తాళం వేసి ఉంది. కూతురి దగ్గరికి వెళ్తున్నానన్నాడని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆయనకు కూతుళ్ళు లేరు.

ఆ మర్నాటి సాయంత్రం బడి నుంచి పిల్లలు వచ్చారు, తిన్నారు, ఎవరి కంచాలు వాళ్ళు కడిగి బోర్లించారు. పొయ్యి పక్క గట్టు మీద ఒక్క కంచం మాత్రం, మూత కింద అన్నం గడ్డకట్టి, పక్కన గ్లాసెడు నీళ్ళతో అలాగే ఉంది.