తుడవని వీపు

ఇప్పుడే వస్తానంది కదా, ఇప్పుడే అంటే ఈ పిల్ల లెక్కలో ఎంతసేపో, సబ్బు మాత్రం వీపు మీద ఆరిపోయి చర్మాన్ని బిగలాగుతోంది, జాడించకుండా ఆరేసిన గుడ్డ ఇలాగే బిర్రబిగుస్తుంది, అనుకుంది టైలరమ్మ, బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ స్టూలు మీద ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని, తువ్వాలు చక్రాల కుర్చీ మీద ఉంది, కుర్చీ గుమ్మం దగ్గరుంది, గుమ్మం ఎంతో దూరం లేదు, కానీ కుడికాలు పడిపోయిన మనిషికి చెయ్యి అందనిదంతా పరదేశమే, తలుపు బార్లా తెరిచే ఉంది, అటువైపు వరండాలోంచి చిలక నవ్వు వినిపిస్తోంది, ఫోన్లో ఎవరితోనో, నవ్వు మటుకు ఎంత బాగుంటుందో దొంగమొహానికి, విన్నవాళ్లకి కడుపు నిండుతుంది, తనకి స్నానం చేయించే ఈ పిల్లకి చిలక అని పేరు పెట్టింది తనే, ముసలివాళ్లుండే ఈ హోమ్‌లో ఎవరికి పేరు పెట్టాలన్నా టైలరమ్మే పెట్టాలి, కత్తెర ఎంత పదునో నోరూ అంత పదునని దుకాణం నడిపే రోజుల నుంచీ అంటారు, ఇప్పుడా నోటితో ఒకసారి గట్టిగా పిలిచింది కూడా, వస్తున్నా అమ్మమ్మా, నా బంగారం కదూ, ఒక్క నిమిషం అని తేనె కారేలా జవాబొచ్చింది, మనిషి రాలేదు, పోనీ సాయానికి పిలిచే గంట కొడదామంటే దాని తాడుని చిలకే చుట్ట చుట్టి పైన కొక్కేనికి తగిలించింది, కింద ఉంటే తడిసి పాడవుతుంది అమ్మమ్మా అంటూ, తాడు తడవకూడదట, మనిషి నానినా ఫరవాలేదు.

రంపం అయితే ఇలా వదిలేసి పోయేది కాదు, రంపమూ తను పెట్టిన పేరే, చిలకకి ముందు తన పని చూసిన మనిషి, కట్టెలు కోస్తున్నట్టుండేది ఆ గొంతు, అంట్లు తోమినట్టు తోమేది, ఎత్తు చెయ్యి, ఎత్తమన్నానా లేదా, ఇటు తిరుగు, బరువంతా నా మీద పడేస్తే విరిగిన నడుం నువ్వు బాగుచేయిస్తావా ముసలమ్మా, అని గొణుగుతూనే కాలివేళ్ల సందులు తుడిచేది, రొమ్ముల కింద తుడిచేది, తొడల మడతలు విప్పి పొడిగుడ్డ అద్దేది, మడమ తిప్పి వెలుగులో చూసేది, ఎర్రబడితే మడమ కింద దిండు పెట్టేది, మధ్యాహ్నం పడుకున్నప్పుడు మధ్యలో వచ్చి పెద్ద బస్తాని దొర్లించినట్టు పక్కకి దొర్లించేది, ఇంత కోపం ఎందుకే నీకు అనడిగితే, కోపం కాదు నీ కంపు అంది ఒకసారి, కంపు అన్న మాట టైలరమ్మకి ఇంకా చెవిలోనే ఉంది, ఎందుకుండదు, దుకాణంలో తను టేపు పట్టుకుని నిలబడితే ఎంతటి ఆడదైనా శ్వాస బిగబట్టి నిలబడేది, కొంచెం చేతులెత్తండమ్మా అనేది తను, ఎత్తండి అనేది, ఎత్తు అని ఏనాడూ అనలేదు, టేపు తగిలేది గాని వేలు తగిలేది కాదు, ఒకరి రొమ్ము చిన్నదని, ఒకరి భుజం వంకరని తనకి తెలిసిందేదీ కత్తెర దాటి బయటికి పోలేదు, అలాంటిదాన్ని, కంపు అన్నది చాలక, అందరి ముందూ పరువు తీస్తుందా.

అందరి ముందూ అంటే భోజనాల గదిలో, సాయంత్రం టీ పోస్తుంటే, రంపం వంటవాడితో ఈ గోడ నుంచి ఆ గోడకి వినబడేలా, ఈవిడకి సగం గ్లాసే పొయ్యి, మళ్లీ పక్క తడిపింది, ఉతకలేక చస్తున్నా, అంది, చెంచాల చప్పుడు ఆగిపోయింది, ఎదురుగా బ్యాండు మాస్టారున్నాడు, ఒకప్పుడు పెళ్లిళ్లలో బాకా ఊదిన మనిషి, బుగ్గలు జారిపోయాయి గాని మర్యాద జారలేదు, రోజూ లేచి టైలరమ్మ చక్రాల కుర్చీకి దారిచ్చేవాడు, మీరొస్తే టీకి రుచొస్తుందండీ అనేవాడు, ఆ సాయంత్రం ఆయన తన గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు, మర్నాడు కిటికీ పక్క బల్లకి మారాడు, వెలుతురు బాగుంటుందని చెప్పాడట, ఈ వయసులో సిగ్గేమిటంటారు, ఒళ్లు పనికిరాకుండా పోయాక మిగిలేది సిగ్గొక్కటే అని వాళ్లకెవరు చెప్పాలి, ఆ ఆదివారమే కూతురు వస్తే పట్టుకుని ఏడ్చేసింది, కూతురు మొహం ఎర్రగా చేసుకుని మేనేజరు గదిలోకి వెళ్లింది, మేనేజరు మెత్తటి మనిషి, పక్కన కూర్చుని అడిగాడు, అరుస్తుందా అంటే అరుస్తుందంది, చెయ్యి లాగుతుందా అంటే లాగుతుందంది, నలుగురిలో అవమానించిందా అంటే అవునంది, ఒక్క అబద్ధమైనా ఆడలేదు, ఒట్టు, కానీ తడి తుడుస్తుందా అని ఎవరూ అడగలేదు, అడగంది తను మాత్రం ఎందుకు చెబుతుంది, రంపాన్ని పనిలోంచి తీసేశారు, వెళ్లేముందు సంచీ చంకన పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది, తిడుతుందేమోనని టైలరమ్మ గుండె దిటవు చేసుకుంది, రంపం తిట్టలేదు, ఎడమ తుంటి మీద ఎర్రబడింది, ఆ పక్కన పడుకోబెట్టొద్దని వచ్చేదానికి చెప్పు, అని పోయింది, గెలిచాననుకుంది టైలరమ్మ, ఆ పూట నిండు గ్లాసు టీ తాగింది.

చలి, వణుకు ముందు దవడకొచ్చింది, తుంటి మీద పుండు ఈ స్టూలు అంచుకి ఒరుసుకుని సలుపుతోంది, ఎర్రబడిన చోటే నల్లబడి, నల్లబడిన చోటే తెరుచుకుంది, చిలకకి చూపిస్తే అయ్యో నా తల్లే అని తలమీద ముద్దు పెట్టింది, ముద్దుతో పుళ్లు మానితే ఆసుపత్రులెందుకు, అంతలో వరండాలో నవ్వు టక్కున తెగిపోయింది, మెట్ల మీద ఎత్తు మడమల చెప్పుల చప్పుడు, కూతురు నడక, అప్పుడొచ్చింది చిలక, గాలిలా వచ్చింది, ఒక చెంబెడు చన్నీళ్లు భుజం మీంచి కుమ్మరించి, తువ్వాలు ముందువైపు ఇలా అద్ది, తడి మీదే పౌడరు చల్లి, పౌడరు మీదే గౌను తొడిగి, కుర్చీలోకి లాగి, గదిలోకి తోసుకొచ్చి, జుట్టు దువ్వి రిబ్బను కట్టేసరికి కూతురు గదిలోకి వచ్చింది, అబ్బ, ఎంత మంచి వాసనో అంది, అమ్మమ్మకి స్నానమంటే ఎంత ఇష్టమో అక్కా, లేవనంటే లేవదు అంది చిలక, టైలరమ్మ దవడ అదుముకుని, నన్ను ఒంటి మీద సబ్బుతో వదిలేసి ఫోను మాట్లాడిందే తల్లీ, చాలాసేపు, అంది, చిలక కళ్లలో అప్పటికప్పుడు నీళ్లు తిరిగాయి, తువ్వాలు తేవడానికే కదా అమ్మమ్మా వెళ్లాను, అని, కూతురి వైపు తిరిగి, ఈ మధ్య టైము తెలియడం లేదక్కా ఆవిడకి, అని గొంతు తగ్గించి అంది, తగ్గించిన గొంతు ఎంత స్పష్టంగా వినబడుతుందో, తుంటి చూడవే, ఒక్కసారి గౌను ఎత్తి చూడు అంది టైలరమ్మ, మందు రాసి కట్టు కట్టాం అక్కా, ఇప్పుడు విప్పితే గాలి తగులుతుంది అంది చిలక, అక్కడ కట్టూ లేదు, మందూ లేదు, ఎత్తితే కనబడుతుంది, కూతురు చెయ్యి గౌను అంచు దాకా వచ్చి, అంచుని మోకాలి మీద సరిచేసి, వెనక్కి పోయింది.

మొన్న ఆవిడ వద్దన్నావు, మాన్పించాం, ఇప్పుడు ఈ పిల్లా వద్దంటే ఇంకెవరొస్తారమ్మా, అంది కూతురు, మేనేజరు ఫోన్ చేశాడట, మీ అమ్మగారు ప్రతిదానికీ ఫిర్యాదు చేస్తున్నారు, మతిమరుపు వాళ్లుండే పై అంతస్తుకి మార్చే ఆలోచన ఉందన్నాడట, ఆ అంతస్తు తలుపులకి బయట గడియ ఉంటుంది, నీకు అక్కడికి వెళ్లాలనుందా అని అడిగింది కూతురు, చిన్నపిల్లని బెదిరించినట్టు కాదు, ఆఫీసులో ఎవరితోనో మాట్లాడినట్టు, అలసటగా, కళ్ల కింద నల్లటి గీతలతో, దీని చిన్నప్పుడు గౌన్లన్నీ తనే కుట్టింది, చంకలో కుట్టు ఒరుసుకుంటుందని లోపల మెత్తటి గుడ్డ వేసి కుట్టేది, నువ్వు నమ్మడం లేదు కదూ అంది టైలరమ్మ, కూతురు పళ్ల సంచి బల్ల మీద పెట్టింది, కిటికీ తెర సర్దింది, పని లేని పనులన్నీ చేసింది, పాపం నమ్మించారు దీన్ని, ఆ తీపి మాటలు వింటే ఎవరు నమ్మరు, తనూ నమ్మలేదా మొదట్లో, దీని తప్పేముంది అని టైలరమ్మ మనసు కూతురి తరఫున వాదించడం మొదలుపెట్టింది, తల్లి మనసు అంతే, సొంత కేసు ఓడిపోతున్నా పిల్లల తరఫునే వాదిస్తుంది.

వెళ్తాను, మళ్లీ ఆదివారం వస్తాను అని కూతురు వంగి కావలించుకుంది, చెయ్యి టైలరమ్మ వీపు మీదికి వెళ్లింది, గౌను ఒంటికి అంటుకుపోయి ఉన్న చోటికి, ఆ చెయ్యి అక్కడ ఆగింది, వేళ్లు కొంచెం కదిలాయి, గుడ్డ తడుముతున్నట్టు, కుట్టుపనిదాని కూతురు కదా, తడిగుడ్డకీ పొడిగుడ్డకీ తేడా తెలియకపోదు, చెప్తుంది, ఇప్పుడు తిరిగి చిలకని అడుగుతుంది, అడుగుతుంది అని టైలరమ్మ ఊపిరి బిగబట్టింది, కూతురు నిటారుగా లేచి అరచేతికేసి చూసుకుంది, తడికి పౌడరు ముద్దకట్టి అంటుకుని ఉంది, హ్యాండ్‌బ్యాగు తెరిచి రుమాలు తీసి ఒక్కొక్క వేలే శుభ్రంగా తుడుచుకుంది, రుమాలు మడిచి లోపల పెట్టి జిప్పు లాగింది, తర్వాత తల్లి కళ్లలోకి కాకుండా నుదుటికేసి చూస్తూ, బాగా చూసుకుంటోంది కదమ్మా ఈ పిల్ల, అంది, అందులో ప్రశ్న లేదు, బతిమాలుడుంది, అవునను అమ్మా, ఒక్కసారి అవునని నన్ను ఇంటికి పోనివ్వు అన్న బతిమాలుడు, బాగానే చూసుకుంటోంది, వెళ్లిరా తల్లీ, అంది టైలరమ్మ, చెప్పుల చప్పుడు మెట్ల మీద తేలికగా, వచ్చినప్పటికన్నా త్వరగా దిగిపోయింది, వీపు మీద తడి చల్లగా నడుం దాకా పాకుతుంటే టైలరమ్మ కదలకుండా కూర్చుంది, ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, చూపించక్కర్లేదు, దీన్నెవరూ మోసం చెయ్యలేదు, దీనికి తెలుసు.