ఫ్యామిలీకి మాత్రమే

సెలవు అన్న మాటలోనే లవ్వుంది. కానీ సాయికుమారి సెలవులో లవ్వుకు చోటు దొరికేది కాదు. బహ్రెయిన్ దేశంలోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆమె పనిచేసే ఇంట్లో వారానికి ఒక్క శుక్రవారం వదులుతారు. అదీ పొద్దుటి టిఫిన్లు అయ్యాక మొదలై, రాత్రి అంట్లు పడేలోగా ముగిసిపోయే శుక్రవారం. మొగుడు మణికుమార్ జుఫైర్‌లో ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాడు. పనివాళ్ళను సరఫరా చేసే కంపెనీ ఇచ్చిన గదిలో ఇంకో ఆరుగురితో కలిసి ఉంటాడు. భార్యాభర్తలిద్దరూ ఒకే ఊళ్ళో ఉన్నట్టే లెక్క, కలుసుకునేది మాత్రం పార్కు బెంచీ మీద. ఇద్దరూ అమలాపురం వైపు వాళ్ళు. కాపురం చేద్దామని వస్తే అది బెంచీపురం అయిపోయింది.

అలాంటిది ఒకరోజు మేడమ్ పిలిచి, వచ్చే శుక్ర శనివారాలు ఇంటిల్లిపాదీ వంతెన దాటి సౌదీలో ఉన్న ఖోబర్‌లో చుట్టాలింటికి వెళుతున్నామనీ, ఆ రెండు రోజులూ సాయికుమారిని కూడా వదిలేస్తున్నామనీ చెప్పింది. సాయికుమారి చేతిలో గిన్నె సింకులోకి జారిపోయింది. రెండు పగళ్ళు. మధ్యలో ఒక రాత్రి. అంత సెలవు ఒక్కచోట కుప్పగా పోసి ఉండగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

అంట్లు అలాగే వదిలి ఫోను తీసింది.

"జల్లాఖ్ వెళ్దాం" అంది మొగుడితో. "సముద్రం పక్కన చిన్న గదైనా చాలు. నువ్వూ నేనూ, ఇంకెవరూ వద్దు. రెండ్రోజులు నేను పొయ్యి ముట్టుకోను, నువ్వు ఇస్త్రీపెట్టె ముట్టుకోకు."

"నువ్వు చెప్పాక ఇంకేముంది. నేను చూసుకుంటాలే" అన్నాడు మణికుమార్.

మణికుమార్ చూసుకుంటానన్నాడంటే చూస్తూ కూర్చుంటాడని అర్థం. పెళ్ళినాటి నుంచీ ఆమెకది తెలుసు. ఈసారి మాత్రం కూర్చోలేదు. లేచి వెళ్ళి సోమరాజుకు చెప్పాడు. కూర్చుని ఉంటేనే బాగుండేది.

సోమరాజు ఆ గదికి పెద్ద. మణికుమార్‌కు వరసకు బాబాయి. తోటపని కుర్రాళ్ళ మీద ఫోర్‌మన్. పేరు సోమరాజే గానీ, పని దగ్గర మధ్యలో ఒక 'రి' ఎక్కువ. పురమాయించడంలో మాత్రం రాజు, మహారాజు.

మర్నాడు మణికుమార్ ఉత్సాహంగా ఫోను చేశాడు.

"కుదిరింది కుమారీ. బాబాయి కుదిర్చాడు. చాలెట్. స్విమ్మింగ్‌పూల్ ఉందంట, ఏసీ గదంట, వెనక తలుపు తీస్తే సముద్రమేనంట."

ఇక్కడ సముద్రపు ఒడ్డున రోజు అద్దెకిచ్చే ఇంటిని చాలెట్ అంటారు. సాయికుమారికి ఆ మాట వినగానే చాలు అనిపించింది.

"మనిద్దరికీ అంతిల్లు ఎందుకయ్యా? అద్దెవడు కడతాడు?"

"అందరం పంచుకుంటాం."

"అందరం అంటే?"

అవతల ఇస్త్రీపెట్టె బుస్సుమని ఆవిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"మా రూము వాళ్ళేనే. పరాయివాళ్ళెవరున్నారు? ఫ్యామిలీ ట్రిప్పులాగా ఉంటుంది."

"ఏడుగురు మగాళ్ళు, నేనొక్కదాన్ని. ఇది ఫ్యామిలీ ట్రిప్పా?"

"ఫ్యామిలీ అంటే నువ్వేగదే" అన్నాడు మణికుమార్, నవ్వుతూ.

అది ముద్దుమాట అనుకుంది పిచ్చిది. సగం కోపం అక్కడే మింగేసింది.

మిగతా సగం బుధవారానికి పొంగింది. గదిలో వాళ్ళు ఒక్కొక్కరూ తమ కోరికలను మణికుమార్ ఫోనుకు గొంతు రికార్డు చేసి పంపడం, వాటిని ఆయన మహా సంబరంగా పెళ్ళానికి పంపడం మొదలైంది. ఒకరికి వంజరం పులుసు కావాలి, ఒకరికి కోడివేపుడు కావాలి. సోమరాజుకు గారెలు కావాలి, అవీ నూనె పీల్చకుండా. విహారం కాస్తా ఆహారమైంది, ఆహారం కాస్తా వ్యవహారమైంది. జంటగా వెళ్దామనుకున్న ట్రిప్పు వంట ట్రిప్పు అయ్యేసరికి సాయికుమారికి ఒళ్ళంతా మంటెత్తింది.

"వారమంతా ఒకళ్ళింట్లో వండుతున్నాను. సెలవొస్తే ఏడుగురికి వండాలా?" అంది.

"ఇష్టపడి అడుగుతున్నారే. నీ చేతి పులుసు గురించి నేనే చెప్పాను."

"నా చేతికి ఇష్టమో కాదో అడిగావా?"

"అది కాదు కుమారీ. రూములో ఆనవాయితీ అది. ఎవరి భార్య ఈ దేశం వస్తే వాళ్ళు ఒకసారైనా రూముకు పెట్టాలి. ఇదివరకు మా రూములో ఉన్న రాజేంద్ర అన్నయ్య వాళ్ళావిడ, లక్ష్మిప్రసన్న వదిన, వచ్చిన కొత్తలో నెల్లాళ్ళు ప్రతి శుక్రవారం వండిపెట్టింది. నేనూ తిన్నాను. ఇప్పుడు నా వంతొచ్చింది."

"తిన్నది నువ్వు. వంతు నీది. వంట మాత్రం నాదా?"

అవతల ఇస్త్రీపెట్టె మళ్ళీ బుస్సుమంది.

"ఆవిడ మీతో కూర్చుని తిందా?"

"తర్వాత తిని ఉంటుంది."

"ఉంటుందా? తిందా?"

"నేనేం చూళ్ళేదు కుమారీ."

"చూసుకుంటానంటావు గదా ఎప్పుడూ. ఏం చూస్తావో మరి" అని ఫోను పెట్టేసింది.

మానేద్దామనే అనుకుంది. మానేస్తే ఏముంది? తాళం వేసిన ఇంట్లో పనిమనిషి గది, ఆ గదిలో గోడ. మణికుమార్ పక్కన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే ఏడుపొస్తుంది, ఏడుపు వెనకే కోపమొస్తుంది. రాత్రి ఒకటుంది గదా, ఆ ఒక్క రాత్రి కోసం గారెలు వేసినా వేస్తాను అనుకుని బట్టలు సర్దుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం నమాజులయ్యాక కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. సోమరాజు డ్రైవింగు సీట్లో ఉన్నాడు. వెనక ఉల్లిపాయల బస్తా, చేపల ఐసుపెట్టె, పొయ్యంత వెడల్పు మూకుడు. మనుషులు ఈ సామాన్ల మధ్య దొరికిన సందుల్లో ఒదిగి కూర్చున్నారు. సాయికుమారికి ఉల్లిపాయల బస్తా పక్కన చోటిచ్చారు. ముందే పరిచయం చేసినట్టన్నమాట.

జల్లాఖ్ చేరి చాలెట్ గేటు ముందు ఆగేసరికి, కాపలా ఉన్న బెంగాలీ భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫ్యామిలీ హై?"

"హై భాయ్, పూరా ఫ్యామిలీ" అంటూ సోమరాజు వెనక్కి తిరిగి, పాస్‌పోర్టు తీసి చూపించినట్టు సాయికుమారిని చూపించాడు. "యే మేరా బహూ" అని కోడల్ని చేసేశాడు.

భాయ్ వ్యానులోకి తొంగిచూశాడు. "ఏక్ ఔరత్, ఔర్ యే సబ్?"

"యే బేటా. బాకీ సబ్ బేటా కా భాయ్" అన్నాడు సోమరాజు, మణికుమార్ భుజం తట్టి. కన్నతల్లులు నలుగురైదుగురు అడ్డంపడాల్సిన మాట అది. అంత నిబ్బరంగా అన్నాడు.

భాయ్ గోడమీది బోర్డు వైపు వేలు చూపించాడు. ఫ్యామిలీలకు మాత్రమే, బ్యాచిలర్లకు ప్రవేశం లేదు.

సాయికుమారికి అప్పుడు అర్థమైంది. ఫ్యామిలీ అంటే నువ్వేగదే. ముద్దుమాట కాదది, గేటు పాసు. ఏడుగురు మగాళ్ళ బ్యాచికి ఎవడూ ఇల్లు ఇవ్వడు. పక్కన ఒక చీర ఉంటే బ్యాచి ఫ్యామిలీ అవుతుంది. ఆ చీర తనది.

మొగుడి వైపు చూసింది. మణికుమార్ తన చెప్పుల వైపు చూస్తున్నాడు.

"నీకు తెలుసా?"

"ఒట్టి మగాళ్ళకు ఇవ్వరు కుమారీ" అన్నాడు చెప్పులతోనే. "ముందే చెబితే నువ్వు రానంటావని…"

సాయికుమారి వ్యాను దిగింది. దిగడం అంటే ఉల్లిపాయల బస్తాను కాలితో ఒక్క తోపు తోసి మరీ దిగింది. రెండు ఉల్లిపాయలు రోడ్డు మీద దొర్లాయి. ఎవరూ తీయలేదు.

"మేడమ్" అన్నాడు భాయ్, "యే సబ్ ఆప్ కా ఫ్యామిలీ?"

ఈ దేశంలో ఆమెను ఒకరు మేడమ్ అనడం అదే మొదటిసారి. రోజూ ఆమె ఇంకొకరిని అనే మాట అది.

"అవునని చెప్పమ్మా" అన్నాడు సోమరాజు, హారను మీద చెయ్యేసి. "యల్లా, తొందరగా, ఎండ మండుతోంది. చేపలు పాడైపోతాయి."

"ఉండండి మావయ్యగారూ. చేపలు ఎటూ చచ్చాయి."

వెనకనుంచి ముత్తన్న దిగాడు. జగిత్యాల వైపు మనిషి, సెంట్రింగ్ పని చేస్తాడు. గదిలో అందరికంటే పాత కాపు. అతను దొర్లిన ఉల్లిపాయలు తీసి బస్తాలో వేసి, ఆమెకు కాస్త దూరంగా నిలబడ్డాడు.

"చెల్లే, నీ ఇష్టం. నువ్వు కాదంటె వాపస్ పోదాం. గీ బోర్డు ముచ్చట నాకెవ్వలు చెప్పలే. చెప్తె రాకపోతుంటి." బోర్డు వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. "లగ్గమై ఇరవై ఏండ్లాయె. ఇద్దరు పిల్లలు. ఊర్ల నేను తండ్రిని, మామను. దుబాయిల అడుగువెట్టంగనె మల్ల బ్యాచిలర్. చుట్టూ సముద్రమే గని, ఎన్నడన్న కాలు వెట్టిన్నా? పనికి వోతాంటె వ్యాను అద్దంల నుంచి సూసుడే."

అతనిది బహ్రెయిన్ అయినా దుబాయే.

సాయికుమారి కోపం అక్కడ రెండుగా చీలింది. పెళ్ళాం పిల్లలున్న మనిషిని బ్యాచిలర్ అని బయట నిలబెట్టే బోర్డు మీద ఒకటి. ఆ బోర్డు దాటడానికి తనను తాళంచెవి చేసుకున్న మనుషుల మీద ఒకటి. చీలితే కోపం సగమవుతుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రెండూ నిండుగానే ఉన్నాయి.

"మావయ్యగారూ" అంది. "ఈ గేటు దాటడానికి నేను ఫ్యామిలీని. దాటాక వంటమనిషిని. రెండిట్లో ఒక్కటే చేస్తాను. ఏది కావాలో చెప్పండి."

"అదేం మాటమ్మా. ఒక పూట వండితే అరిగిపోతావా?"

"అరిగిపోయే ఉన్నాను. మీరు చూళ్ళేదు."

"ఒరే మణీ, చూస్తూ కూర్చుంటావేంటిరా? చెప్పు మీ ఆవిడకి."

మణికుమార్ నోరు తెరిచాడు, మూశాడు. అందులోంచి ఆవిరి కూడా రాలేదు.

"ఆయన చెప్పరు. నేను చెప్తాను. ఫ్యామిలీ పొయ్యి ముట్టుకోదు. టీ పెట్టదు. అంట్లు తోమదు. ఏసీ గది ఫ్యామిలీది, తాళం ఫ్యామిలీ దగ్గరుంటుంది. సరేనంటే భాయ్‌కి అబద్ధం చెప్తాను. లేదంటే నిజం చెప్తాను. నాకు రెండూ వచ్చు."

సోమరాజు ముఖం మూకుడులా నల్లబడింది. వెనక కూర్చున్నవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు గేటు సందులోంచి కనబడుతున్న నీళ్ళను చూస్తున్నారు. హారను మీంచి చెయ్యి తీసి, "సరే" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన దగ్గర అంత తక్కువ గొంతు ఉందని ఎవరికీ తెలియదు.

"హా భాయ్" అంది సాయికుమారి. "సబ్ మేరా ఫ్యామిలీ."

లోపలికెళ్ళాక ముత్తన్న ఎవరినీ పలకరించకుండా లుంగీ ఎగ్గట్టి నేరుగా సముద్రంలోకి నడిచాడు. మోకాలిలోతున చాలాసేపు కదలకుండా నిలబడి, తర్వాత వచ్చి చేపలు కడగడానికి కూర్చున్నాడు. సోమరాజు వంతుకు ఉల్లిపాయలు వచ్చాయి. ఆయన కళ్ళవెంట నీళ్ళు ఉల్లివో, తల్లడిల్లినవో ఆయనకే తెలియాలి. సాయికుమారి ఒక కుర్చీ లాక్కుని, వంటింటికి వీపు పెట్టి, నీళ్ళకు ముఖం పెట్టి కూర్చుంది. పోపు మాడిన వాసన వచ్చింది, తిరగలేదు. ఏదో పగిలింది, తిరగలేదు.

కాసేపటికి మణికుమార్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"కోపం తగ్గిందా?"

"జ్వరమా, తగ్గడానికి?"

వెళ్ళిపోయాడు.

పొద్దు నీళ్ళలోకి దిగేవేళకు ఆమె లేచి గదిలోకి వెళ్ళింది. వెనకే మణికుమార్ రెండు పళ్ళేలతో వచ్చాడు.

"రెండెందుకు?"

"ఒకటి నాకు."

"ఈ గది ఫ్యామిలీకి మాత్రమే."

"నేను నీ మొగుణ్ణే కుమారీ."

"గేటు దగ్గర మొగుడెవడూ కనబడలేదు. ఏడుగురు బ్యాచిలర్లు కనబడ్డారు."

ఒక పళ్ళెం అందుకుని తలుపు మూసింది. మంచం మీద కాదు, తలుపు పక్కనే నేలమీద కూర్చుంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అవతల ఆయనా కూలబడిన చప్పుడు వినిపించింది.

"ఉప్పెవరేశారు?" అంది తలుపుతో.

"నేనే."

"వెయ్యలేదు."

పరుగెత్తిన చప్పుడు. చాలాసేపు రాలేదు. ఉప్పుకు సముద్రానికే వెళ్ళాడేమో అనుకుంది. వచ్చి తలుపు తట్టాక, ఉప్పుడబ్బా పట్టేంత తెరిచింది. డబ్బా అందించి మణికుమార్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"లక్ష్మిప్రసన్న వదినకి ఫోన్ చేశాను."

"ఎందుకు?"

"ఆ శుక్రవారాలు తిన్నావా వదినా అనడిగాను. నవ్వింది. ఒక్కరోజు తప్ప ఎప్పుడూ గిన్నెలో ఏమీ మిగల్లేదంట. రొట్టె తినేదంట."

సాయికుమారి ఉప్పుడబ్బా కింద పెట్టింది. ఆమె కోపం చల్లారలేదు. దానికి ఇప్పుడు లక్ష్మిప్రసన్న ఆకలి కూడా తోడైంది. తలుపు ఇంకా తెరవలేదు, మూయనూ లేదు. చివరికి కాలితో తోసింది.

"గడప అవతలే కూర్చో. నీ పళ్ళెం ముందు పెట్టుకో. నేను తినేదాకా చెయ్యి పెట్టకు. ఎలా ఉంటుందో చూడు."

మణికుమార్ గడప అవతల కూర్చున్నాడు. ఆమె తొందరపడలేదు. ఉప్పు కలుపుకుని, చేపముక్క విరుచుకుని, మధ్యలో మంచినీళ్ళు తాగి, తీరుబడిగా తింది. ఆయన పళ్ళెంలో అన్నం చల్లబడి, పులుసు పేరుకుంది. వంటింట్లోంచి సోమరాజు ఏదో పిలిచాడు. మణికుమార్ పలకలేదు, లేవలేదు. చూసుకుంటాను అనడమే గాని ఎన్నడూ చూడని మనిషి, ఆ సాయంత్రం పెళ్ళాం తినడాన్ని మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా చూశాడు.